గడప గడపకూ ఆగే మనిషి

ఆయన పోయాడని మౌనిక ఫోన్ చేసేసరికి నేను ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఛాతీకి బెల్టు బిగిస్తున్నాను. ఊపిరి కొలిచే బెల్టు అది. గాలి పీల్చినప్పుడు సాగుతుంది, వదిలినప్పుడు సడలుతుంది, ఆ కదలికను ట్యాబ్ మీద గీతగా చూపిస్తుంది. "నవ్వకే, గీత చెదిరిపోతుంది" అని ఆ పిల్లను కసురుకుంటూనే ఫోన్ వైపు చూశాను. క్లాసులో ఫోనెత్తకూడదని నీతులు చెప్పేదాన్ని నేనే. అయినా మౌనిక పేరు చూసి ఎత్తాను.

"బాపు పోయిండు టీచర్. పొద్దుగాల, ఊర్లె."

నేను పట్టీ వదలకుండానే కుర్చీలో కూలబడ్డాను. బెల్టు రెండో కొస ఇంకా ఆ పిల్లకే చుట్టి ఉంది. పాపం, నాతోపాటు అదీ వంగి నిలబడింది. "క్యా హువా టీచర్?" అని అడిగింది. మా మెట్లమీద మనిషి ఒకాయన పోయాడని చెప్పాను. పిల్లలకు ఏం అర్థమైందో తెలియదు, ఆ పూట ఇక పాఠం జరగలేదు.

ఆయన పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, గుజరాత్‌లోని ఈ డిండోలిలో మా అపార్ట్‌మెంటులో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. తెలుగువాళ్లకు ముచ్చట్ల మామ. మొదటి అంతస్తు గుజరాతీ బామ్మకు వాతోడియో, అంటే వాగుడుకాయ. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను టీచర్ చెల్లె అనేవాడు. మాది రెండో అంతస్తు, వాళ్లది నాలుగు. ఎండాకాలం ఆ పై ఇల్లు పెనం మీద కాపురమే. లిఫ్టు లేదు. లిఫ్టు కోసం వదిలిన గుంటలో ఎవరిదో పాత కూలర్ పడి ఉండేది.

ఆయన లూము నడిపేవాడు. లూములుండే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. రాత్రి పాళీ దిగి పొద్దున్నే ఇంటికి వచ్చేవాడు. వచ్చేవాడంటే తిన్నగా వచ్చేవాడని కాదు. కింద కరెంటు మీటర్ల దగ్గర ఆగి ఎవరి మీటరు జోరుగా తిరుగుతోందో చూసేవాడు. మొదటి అంతస్తులో బామ్మ మెంతికూర గిల్లుతుంటే "కేమ్ ఛో బా" అని తలుపు చట్రానికి ఆనుకుని నిలబడేవాడు. ఆమె కోడలి మీద చెప్పే చాడీలు ఓపిగ్గా వినేవాడు. తర్వాత మా గడప. నేను బడికి పరుగెత్తే హడావుడిలో ఉంటే, కుక్కరు కూత మధ్యలోంచి ఆయన గొంతు వినబడేది.

"ఏం కూర టీచర్ చెల్లె?"

"బెండకాయ అన్నా."

"కోసినంక కడుగుతున్నవా? జిగురైతది. ముందుగాల కడిగి, జర తుడిచి, అప్పుడు కొయ్యాలె."

మూడో అంతస్తులో ఒడియావాళ్ల పసిదానితో దాగుడుమూతలు. అప్పటికి పైనుంచి ఆయన భార్య, మా వదిన, రెయిలింగు మీద వంగి కేక పెట్టేది. "ఓ మాటల మూటా! అన్నం సల్లగైతున్నది. గడప గడపకు నీకు పేరంటమా?" ఆ కేక వినపడితే బిల్డింగంతా నవ్వుకునేది. మా ఆయన షేవింగ్ చేసుకుంటూ, "ఈయన ఖాతా నుంచి వస్తున్నాడా, ఓట్లడగడానికి వస్తున్నాడా?" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని, కూర మాడితే మాత్రం విసుక్కునేదాన్ని.

పొద్దున చూస్తే ఆయన కనుబొమల మీద, చెవుల అంచున, మెడలోని దస్తీ మీద తెల్లటి దారపు నూగు ఉండేది. చొక్కా జేబులో చిన్న కవరులో బెల్లం ముక్కలు ఎప్పుడూ తప్పవు. ఎదురైన ప్రతివాడి చేతిలో ఒక ముక్క పెట్టేవాడు. ఖాతాలో పనిచేసేవాళ్లు బెల్లం తింటే గొంతులో పడిన నూగంతా కడుపులోకి జారిపోతుందని వాళ్ల నమ్మకం. నాలోని సైన్సు టీచరు ఊరుకుంటుందా? "అన్నా, తిండి దారి వేరు, గాలి దారి వేరు. బెల్లం ఊపిరితిత్తుల్లోకి పోదు" అన్నాను ఒకసారి.

"నీ పుస్తకంల వేరు చెల్లె. మా ఖాతాల అన్నిటికీ ఒక్కటే దారి" అని నా చేతిలోనూ ఒక ముక్క పెట్టాడు.

పోనీ, దస్తీ మెడకెందుకు, మూతికి కట్టుకోవచ్చు కదా అంటే దానికీ జవాబుంది. "మూతి కట్టుకుంటే ముచ్చటెట్ల?" అనేవాడు. లూముల మోతలో అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకని ఖాతాలో అందరూ గొంతు తీయకుండా పెదాలతోనే మాట్లాడుకుంటారు, ఎదుటివాడు మూతి చూసి గ్రహిస్తాడు. మూతి మూస్తే మనిషి మూగవాడైనట్టే. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఆయన కింద వాకిట్లో నిలబడి సడి లేకుండా పెదాలు కదిపేవాడు. నాలుగో అంతస్తులో వదిన చదివేసి "పాల పాకెట్ ఒక్కటి సాలు" అని జవాబు చెప్పేది. కూతురు మౌనికకూ ఆ విద్య వచ్చు. నాకు ఎన్నిసార్లు నేర్పినా రాలేదు.

నా సంగతీ చెప్పాలి. నాది పుట్టు పిరికి గుండె. గ్యాసు కట్టేశానో లేదో అని ఉధ్నా స్టేషను దాకా వెళ్లి వెనక్కి వచ్చిన ఘనత నాది. అందుకే బడికి ఆ ఊపిరి బెల్టులు కొత్తగా వచ్చినప్పుడు, తీరా క్లాసులో పనిచేయకపోతే పిల్లలు ఆడుకుంటారని భయపడి, ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. పొద్దున్నే నైటీ మీదే చుట్టుకుని, ట్యాబ్ బల్ల మీద పెట్టి చూస్తున్నాను. గడపలో ఆయన ప్రత్యక్షమయ్యాడు.

"గిదేంది చెల్లె, నడుం నొప్పి పట్టీనా?"

చెప్పాను. గీత చూపించాను. నేను పీలిస్తే పైకి లేచింది, వదిలితే దిగింది. ఆయన గుమ్మంలోంచే మెడ సాచి చూశాడు.

"మనిషికి దమ్ము ఎంతున్నదో చెప్తదా ఇది?"

"అంత చెప్పదన్నా. ఎంత గబగబా తీస్తున్నామో, ఎంత నింపాదిగా తీస్తున్నామో చెబుతుంది. మెట్లెక్కి వస్తే మళ్లీ మామూలుకు రావడానికి ఎంతసేపు పట్టిందో చూడొచ్చు."

"మెట్లెక్కితే కూడా తెలుస్తదా?"

"తెలుస్తుంది. కావాలంటే కట్టుకో, చూద్దాం" అని బెల్టు విప్పబోయాను.

ఆయన పామును చూసినట్టు వెనక్కి జరిగాడు. "పొయ్యి మీద కూర మాడుతున్నట్టుంది సూడు" అన్నాడు. పొయ్యి మీద ఏమీ లేదు. ముచ్చట మధ్యలో ఆయన వెళ్లిపోవడం నేనెరిగి అదే మొదలు. చెప్పుల చప్పుడు పైకి పోయింది. మూడో అంతస్తు చేరకముందే, రెండు అంతస్తుల మధ్య మలుపులో, ఆగిపోయింది.

అక్కడ గడప లేదు, మనిషి లేడు, మీటరు కూడా లేదు. ఎవరితో మాట్లాడడానికి ఆగినట్టు? నేను తలుపు పట్టుకుని చెవి ఒగ్గాను. ఈల లాంటి సన్నని శబ్దం, దాని వెనక ఇంకొకటి. నోరు మూసుకుని దగ్గును నొక్కేసుకుంటున్న మనిషి శబ్దం అది. చాలాసేపటికి చెప్పులు మళ్లీ కదిలాయి. ఇన్నేళ్లూ ఆయన మా గడప దగ్గర ఆగింది బెండకాయ కోసం కాదని అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆయన వచ్చేవేళకు నేనే మెట్ల మీదకు వెళ్లాను. "డాక్టరుకు చూపించుకున్నావా అన్నా?" అన్నాను ఉపోద్ఘాతం లేకుండా. ఆయన నవ్వబోయి మానేశాడు. పైకీ కిందికీ చూసి గొంతు తగ్గించాడు.

"చెల్లె, నీకు దండం పెడ్త. మీ వదినెకు చెప్పకు. దానికి ఎరుకైతే రేపే మూట కడ్తది, ఊరికి పోదాం నడువు అంటది. మౌనిక టెన్త్‌కు వస్తున్నది. నడుమల లేపుకపోతే మల్ల ఆ పిల్ల బడి ముఖం సూడది. పెద్దదానికి గట్లనే అయింది."

"అట్లా అని ఊపిరి ఆడకపోతే ఎలా?"

"ఆడుతున్నది గద. జర ఆగి పోతున్న. బెల్లం తింటున్న."

ఆయన పెద్ద కూతురు ఎనిమిదితో బడి మానేసిన సంగతి నాకు తెలుసు. నా క్లాసులోనే ముందు బెంచీలో కూర్చునే మౌనిక సంగతీ తెలుసు. చెప్పనని మాట ఇవ్వలేదు, చెబుతాననీ అనలేదు. ఆ రోజు నుంచి నా పని మింగలేక కక్కలేక అయింది. వదిన పైనుంచి "ఓ మాటల మూటా" అని అరిచినప్పుడల్లా నేను లోపలికి జారుకునేదాన్ని. బిల్డింగు నవ్వుతుంటే నాకు నవ్వు రావడం మానేసింది. పొద్దున చెప్పుల చప్పుడు కొంచెం ఆలస్యమైతే వంట వదిలి మెట్ల మీదకు తొంగి చూసేదాన్ని. మా ఆయన ఏమిటని అడిగితే పాలవాడి కోసమని చెప్పేదాన్ని.

అలా ఉండగా బడిలో ప్రయోగం రోజు వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఇంటి నుంచి ఒక పెద్దమనిషిని తీసుకురావాలి. కూర్చున్నప్పుడు ఊపిరి ఎలా ఉంది, మెట్లెక్కి దిగాక ఎలా ఉంది, బెల్టు కట్టి చూడాలి. మౌనిక లేచి, "మా బాపు వస్తడు టీచర్" అంది.

"మీ అమ్మను తీసుకురా" అన్నాను కంగారుగా.

"అమ్మ రాదట. బాపునే తీస్కపొమ్మన్నది."

ఆ సాయంత్రమే ఆయన్ను పట్టుకుని, బడికి రావద్దన్నాను. "బిడ్డ నలుగుట్ల పిలిచింది. పోకుంటే ఏమనుకుంటది?" అన్నాడు. ఆగకుండా, మాట్లాడకుండా మెట్లెక్కాలని హెచ్చరించాను. "సూద్దాం తియ్" అన్నాడు. ఏదో వంక పెట్టి ప్రయోగమే మానేద్దామా అనిపించింది. కానీ పిల్లలు అప్పటికే చార్టులకు రంగులు వేసేస్తున్నారు.

ఆయన తలస్నానం చేసి, నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కనుబొమల మీద నూగు లేకపోతే ఆయనలో ఇంత చిన్నవాడు ఉన్నాడా అనిపించింది. క్లాసంతా బెల్లం పంచాడు. మౌనిక బెల్టు కట్టింది. కూర్చున్నప్పుడే ఆయన గీత మిగతావాళ్ల గీతల్లా వెడల్పుగా లేదు, చిన్నచిన్న అలలుగా, తొందరతొందరగా ఉంది. ఎవరో ఒక అమ్మాయి, "అంకుల్‌కా కిత్నా ఫాస్ట్ హై" అంది. "మా బాపు మాటలు కూడా గట్లనే" అని మౌనిక నవ్వింది. ఆయనా నవ్వాడు.

మెట్లు మొదలయ్యాయి. మౌనిక ట్యాబ్ పట్టుకుని పక్కనే నడిచింది. నేను రెండు మెట్లు వెనక, ఆయన పడితే పట్టుకోవాలని చేతులు సగం చాచుకుని నడిచాను. మొదటి మలుపులో బడి ఆయమ్మ చీపురు పట్టుకుని ఉంది. ఆయన కాళ్లు అలవాటుగా ఆగాయి, నోరు తెరుచుకుంది.

"బాపూ, ఆగొద్దు. మాట్లాడితే గీత ఖరాబ్ అయితది."

అప్పుడు ఆయన ఒక పని చేశాడు. ఖాతా మనిషి తప్ప ఇంకెవరూ చేయని పని. గొంతు తీయకుండా, పెదాలతో మాత్రమే, ఆయమ్మను ఏదో పలకరించాడు. శబ్దం లేకపోతే అది మాట కిందికి రాదనీ, బెల్టుకు తెలియదనీ ఆయన లెక్క. ఆయమ్మ బిత్తరపోయి చూసింది. నేను ట్యాబ్ వైపు చూశాను. గీత ముళ్లకంపలా లేచి పడుతోంది. బెల్టుకు గొంతుతో పనేముంది?

పైమెట్టు దగ్గర ఆయన రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. ముఖం మీద నవ్వు అలాగే ఉంది, పెదాలు నీలంగా మారాయి. మౌనిక తెర వంక చూసింది, ఆయన వంక చూసింది, మళ్లీ తెర వంక చూసింది. గీత నెమ్మదించలేదు. ఆయన కూతురితో పెదాలు కదిపాడు. చాలా చిన్న మాట. మౌనిక కూడా గొంతు తీయలేదు. పెదాలతోనే ఏదో జవాబిచ్చింది. ఆయన చేయి రెయిలింగు మీద నుంచి జారింది. నేను గబుక్కున భుజం పట్టుకున్నాను, కానీ ఆయన పడలేదు, మెట్టు మీద కూర్చున్నాడు. కూతురు పక్కనే కూర్చుంది. కింద నుంచి పిల్లలు "జల్దీ ఆవో" అని కేకలేస్తున్నారు. ఆ తండ్రీకూతుళ్లకు తొందర లేదు.

క్లాసులోకి వచ్చాక పిల్లలంతా ట్యాబ్ మీద పడ్డారు. మౌనిక దాన్ని గుండెకు అదుముకుని, "బెల్ట్ జారిపోయింది, రీడింగ్ గలత్ వచ్చింది" అని చెప్పింది. క్లాసు నమ్మింది.

మెట్ల మీద ఏం మాట్లాడుకున్నారో తర్వాత నాకు మౌనికే చెప్పింది. "బిడ్డా, గిది అమ్మకు సూపియ్యకు" అన్నాడట ఆయన. "అమ్మనే తోలింది బాపూ. అమ్మకు ఎప్పటి సందో ఎరుకే" అందట ఈ పిల్ల. మొగుడికి దమ్ము తక్కువైందని వదినకు ఎప్పుడో తెలుసు. అడిగితే ఆయన చిన్నబోతాడని అడగలేదు. ఆయన ఆగేది ముచ్చట్ల కోసమేనని బిల్డింగు నమ్మాలని, రోజూ పైనుంచి ఆ కేకలు పెట్టింది. కూతురు చదువు పేరు చెబితే గానీ ఆయన బెల్టు కట్టుకోడని, ఆ ప్రయోగానికి తనే పంపింది.

మర్నాడు నలుగురం పెద్దాసుపత్రికి వెళ్లాం. లైనులో నిలబడి ఆయన నన్నే అడుగుతున్నాడు. "చెల్లె, ఖాతా బంద్ చెయ్యమంటె ఎట్ల?" వదిన కొంగు దోపుకుని మధ్యలోకి వచ్చింది.

"అంటె అననియ్యి. పిల్ల బడి నా జిమ్మ. నేను చీరలకు రాళ్లు అతికిస్త, దారాలు కత్తిరిస్త. మూట కట్టుడు లేదు, ఊరికి పోవుడు లేదు. ఇంకేం భయం నీకు?"

ఆ మాట ఆవిడ నిలబెట్టుకుంది. మౌనిక టెన్త్ ఆగలేదు, ఆ తర్వాతి చదువూ ఆగలేదు. ఊరికి వాళ్లు వెళ్లింది ఆ చదువు అయ్యాకే. కానీ ఆ లైనులో మాకెవరికీ అదంతా తెలియదు. ఆయన అరచేతులు చెమటతో తడిసి, చీటీ మెత్తబడిపోయింది.

డాక్టరు కుర్రవాడు. మౌనిక ప్రింటు తీసి తెచ్చిన గీతను ఒక్క క్షణం చూసి పక్కన పెట్టేశాడు. బడి బెల్టుతో వైద్యం చేయలేమని, అసలు పరీక్షలు రాస్తానని చెప్పాడు. ఆ గీతే సర్వస్వం అనుకుని వచ్చిన మౌనిక ముఖం పాలిపోయింది. "కబ్ సే తక్లీఫ్ హై?" అని, ఎన్నాళ్లుగా ఈ బాధని, డాక్టరు ఆయన్ను అడిగాడు.

"అభీ అభీ సాబ్. థోడా థోడా" అన్నాడు ఆయన, ఇప్పుడిప్పుడే మొదలైనట్టు.

వదినకు హిందీ సరిగా రాదు. కూతురి భుజం తట్టింది. "ఆయనను అడుగొద్దను. నన్ను అడుగుమను. నేను చెప్త, నువ్వు హిందీల చెప్పు" అంది. ఆవిడ చెబుతుంటే మౌనిక ఒక్కొక్క మాటా డాక్టరుకు చెప్పింది. ముందు ఒక దిండు మీద పడుకునేవాడు. తర్వాత రెండు కావాలన్నాడు. మొన్నటి వానాకాలం నుంచి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. అన్నం తింటూ నడుమ చేయి ఆపుతాడు. కిందికి వంగి చెప్పు తొడుక్కోలేక బకిల్ లేని చెప్పులు కొన్నాడు. ఒకప్పుడు స్నానం చేస్తూ పాడేవాడు, పాట ఆగిపోయింది, ఎందుకు ఆగిందని ఎవరూ అడగలేదు.

ఆయన ఎవరో పరాయి మనిషి సంగతి విన్నట్టు వింటూ కూర్చున్నాడు. పగటి నిద్రలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటాడో, ఏ వైపు తిరిగి దగ్గుతాడో ఆవిడ చెబుతున్నప్పుడు నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు.

"గివన్నీ నీకెట్ల ఎరుక? పగటిపూట నా తోటి నువ్వు పంటలేవా?"

"పంట. నీ దమ్ము ఇనొస్తుంటెనే నాకు నిద్ర పడ్తది. ఆగిందంటె మెలకువ అయితది" అంది వదిన.

డాక్టరు కలం ఎత్తి పట్టుకుని, ఏమంటోందని అడిగాడు. మౌనిక ఆ ఒక్క మాట మాత్రం హిందీలో చెప్పలేదు.